జోంగ్జీ శాకాహారులు తినొచ్చా, ఆ కవి కథ నిజమేనా, విజయవాడలో చేసుకోవడం కుదురుతుందా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సింగపూర్‌కి కొత్తగా వచ్చారు. ఆఫీసులో చైనా కొలీగ్ ఆకుల్లో చుట్టి దారంతో కట్టిన అన్నం పొట్లాలు ఇచ్చింది, వీటినే జోంగ్జీ అంటారు. లోపల ఏముందో అడగడానికి మొహమాటపడి ఇంటికి తెచ్చుకున్నారు, మీరేమో శాకాహారి. నదిలో దూకి చనిపోయిన ఒక కవి కోసం ఇవి తింటారని విన్నారు, అది ఎంతవరకు నిజమో తెలుసుకోవాలనుంది. నచ్చితే విజయవాడ వెళ్ళినప్పుడు అమ్మగారికి చేసిపెట్టాలనీ ఉంది.

ముందు సూటిగా చెప్పేస్తాను. లోపల ఏముందో తెలియకుండా తినకండి, మొహమాటం పక్కనబెట్టి ఆవిడనే అడగండి, ఎందుకంటే సింగపూర్‌లో చేతికొచ్చే వాటిలో ఎక్కువ శాతం పంది మాంసం ఉన్నవే. శాకాహార రకాలు లేక కాదు, చాలానే ఉన్నాయి. కవి ఉన్నది నిజం, నదిలో దూకి పోయాడన్నదీ చరిత్రకారులు రాసిన మాటే, కానీ ఈ తిండి ఆయన కోసం పుట్టింది కాదు, ఆయన కథ తర్వాత వచ్చి దీనికి అతుక్కుంది. ఇంట్లో చేసుకోవడమంటారా, సరైన బియ్యం దొరికితే విజయవాడలోనైనా చేసుకోవచ్చు.

నేను కొన్నేళ్ళు సుజౌలో ఉన్నాను, షాంఘైకి దగ్గర్లో కాలవల మధ్య ఉన్న పాత ఊరు. మా కింద అంతస్తులో ఉండే ఆయీ (అక్కడ పెద్దావిడల్ని అలా పిలుస్తారు) దగ్గర చుట్టడం నేర్చుకున్నాను. తర్వాత సింగపూర్ వచ్చాక ఇక్కడి రకాలు చూశాను. మా ఇంట్లో అత్తగారు శాకాహారి, మిగతావాళ్ళం కాదు, కాబట్టి మీ సమస్య నాకు బాగా తెలుసు.

లోపల ఏముంటుంది? అది ఊరిని బట్టి ఉంటుంది. బీజింగ్ వైపు తీపివి: ఎండబెట్టిన ఎర్ర రేగుపళ్ళు (ఖర్జూరంలా కనబడతాయి కానీ మన రేగుకి దగ్గర చుట్టం), లేదా ఎర్ర చిక్కుడు గింజల్ని ఉడకబెట్టి చక్కెరతో రుబ్బిన ముద్ద. సుజౌ, జియాషింగ్ వైపు సోయాసాస్ పట్టించిన బియ్యం, మధ్యలో కొవ్వున్న పంది మాంసం. జియాషింగ్‌వి దేశమంతా ఫేమస్, అక్కడి వూఫాంగ్‌జాయ్ అనే కంపెనీ 1921లో మొదలైంది, హైవే మీద ఆగిన ప్రతివాడూ ఒకటి కొనుక్కుని తింటాడు. దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం వాళ్ళు పొట్టు తీసిన పెసరపప్పు, మాంసం, ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు పచ్చసొన పెడతారు. తైవాన్‌లో ఇంకో గొడవ. ఉత్తరాదిలో బియ్యాన్ని ముందే నూనెలో వేయించి, చుట్టి ఆవిరి మీద పెడతారు, దక్షిణాదిలో పచ్చి బియ్యంతో చుట్టి నీళ్ళలో ఉడకబెడతారు. దక్షిణాది వాళ్ళు ఉత్తరాది వాటిని చూసి "ఇది జోంగ్జీ ఏమిటి, తాలింపన్నానికి మూలలు తీర్చారు అంతేగా" అని ఏడిపిస్తారు. తీపా, ఉప్పనా అని ప్రతి ఏడూ చైనా ఇంటర్నెట్‌లో యుద్ధం జరుగుతుంది, పుట్టిన ఊరిని బట్టి జనం రెండు జట్లుగా విడిపోతారు.

సింగపూర్, మలేషియాల్లో బక్‌చాంగ్ అన్న మాట వినబడితే మాంసం ఉన్నట్టే లెక్క. న్యోన్యా చాంగ్ అని ఇంకోటుంటుంది, ఒక మూల నీలంగా ఉంటుంది. ఆ రంగు మన పెరట్లో పూసే శంఖుపూలదే. లోపల ధనియాల పొడి, బూడిద గుమ్మడితో చేసిన తియ్యటి ముక్కలు వేస్తారు కాబట్టి వాసన మనకి తెలిసినట్టే అనిపించి చెయ్యి ముందుకెళ్తుంది, కానీ సంప్రదాయంగా అందులోనూ పంది మాంసం ఉంటుంది, జాగ్రత్త.

ఇక శాకాహారులకి అసలు చిక్కు మాంసం ముక్కలతో కాదు, కనబడని వాటితో. సుజౌ వైపు ఎర్ర చిక్కుడు ముద్ద పెట్టే తీపి జోంగ్జీలో పాత పద్ధతి ప్రకారం ఒక చిన్న పంది కొవ్వు ముక్క కూడా పెడతారు, ఉడికేసరికి అది కరిగి ముద్దలో కలిసిపోతుంది. తీపిదే కదా అని తినేస్తే కనిపెట్టడం కష్టం. పుట్టగొడుగులు, వేరుశనగలు మాత్రమే కనబడేవాటిలో ఎండు రొయ్యల పొడో, ఆయిస్టర్ సాసో (సముద్రపు గుల్లలతో చేసేది) ఉండొచ్చు. పైగా ఇళ్ళలో అన్ని రకాలూ ఒకే పెద్ద గిన్నెలో కలిపే ఉడకబెడతారు, ఏది ఏదో గుర్తు పట్టడానికి దారం రంగు మారుస్తారు అంతే. మా ఆయీ మా అత్తగారి కోసం వేరే గిన్నె పెట్టేది, అందరూ అంత పట్టించుకోరు.

నిశ్చింతగా తినాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, వట్టి జిగురు బియ్యంతో చేసే తెల్ల జోంగ్జీ, పంచదార అద్దుకుని తింటారు. రెండోది క్షారం నీళ్ళతో చేసేది, ఇక్కడ కీ చాంగ్ అంటారు, పసుపు రంగులో గాజులా మెరుస్తూ ఉంటుంది, చల్లారాక బెల్లం పాకంతో తింటే నా మటుకు నాకు అన్నిటికన్నా ఇదే బాగుంటుంది. మూడోది బౌద్ధ శాకాహార కొట్లలో అమ్మేవి, వాళ్ళు ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, ఆ విషయంలో మనకన్నా నిష్ఠ ఎక్కువ.

చిన్న మాట, వెతికేటప్పుడు తికమకపడకండి. చైనాలో జిగురు బియ్యప్పిండితో చేసి వేడి నీళ్ళలో తేలేసి ఇచ్చే గుండ్రటి ఉండలు వేరే, వాటి పేరు థాంగ్‌యువాన్, కొత్త సంవత్సరం తర్వాత వచ్చే తొలి పున్నమికి తింటారు. మీకిచ్చింది అది కాదు.

ఇప్పుడు కవి సంగతి. ఆయన పేరు చ్యూ యువాన్, క్రీ.పూ. నాలుగు, మూడు శతాబ్దాల మధ్య చూ అనే రాజ్యంలో మంత్రి, కవి. రాజుకి చెప్పిన సలహా చెవికెక్కలేదు, చాడీలు చెప్పేవాళ్ళు గెలిచారు, ఈయన్ని వెళ్ళగొట్టారు. క్రీ.పూ. 278లో చిన్ రాజ్యం సైన్యం చూ రాజధానిని పట్టుకుంది. ఆ దుఃఖంతోనే ఇప్పటి హునాన్ రాష్ట్రంలో ఉన్న మీలువో నదిలో దూకాడని చెబుతారు. జనం పడవలేసుకుని వెతికారనీ, శవాన్ని చేపలు తినకుండా నదిలో అన్నం చల్లారనీ, డ్రాగన్ పడవల పందేలూ జోంగ్జీలూ అలా వచ్చాయనీ పిల్లల పుస్తకాల్లో ఉంటుంది.

కానీ చూడండి, క్రీ.పూ. ఒకటో శతాబ్దం ప్రాంతంలో చరిత్ర రాసిన సిమా చ్యాన్ ఆయన రాయిని పట్టుకుని నదిలో దూకాడని రాశాడు గానీ, అన్నం మాట ఎత్తలేదు, జోంగ్జీ తినే దువాన్‌వూ పండగ రోజైన అయిదో నెల అయిదో రోజు అనీ చెప్పలేదు. క్రీ.శ. మూడో శతాబ్దంలో జౌ చూ అనే ఆయన ఊళ్ళ ఆచారాల గురించి రాస్తూ ఈ పండగకీ, ఎండాకాలం మధ్యలో పగలు బాగా పొడుగ్గా ఉండే రోజుకీ జిగురు ధాన్యాన్ని ఆకుల్లో చుట్టి బూడిద నీళ్ళలో ఉడికించి తింటారని వివరంగా చెప్పాడు. అందులో కవి ఊసు లేదు. కవికీ ఆకు పొట్లానికీ ముడివేసే కథ అంతకు రెండు మూడు వందల ఏళ్ళ తర్వాతి పుస్తకంలో కనబడుతుంది, అదీ తమాషా కథ: కవి ఆత్మ ఒకాయనకి కనబడి "మీరు నాకు వేసే అన్నమంతా నీటి డ్రాగన్లు ఎత్తుకుపోతున్నాయి, ఇకనుంచి ఆకులో చుట్టి అయిదు రంగుల దారంతో కట్టి వెయ్యండి, వాటికి ఆ రెండూ అంటే భయం" అంది. అందులో చెప్పిన ఆకు వెదురాకు కాదు, మన వేప కుటుంబంలోనే ఉన్న ఒక చెట్టు ఆకు.

ఇంకో సంగతి. సుజౌలో మా ఆయీని కవి గురించి అడిగితే "అది వాళ్ళ కథ, మాది వూ జిషూ" అని ఠక్కున చెప్పింది. వూ జిషూ సుజౌ నగరాన్ని కట్టించాడని చెప్పుకునే మంత్రి, చ్యూ యువాన్ కన్నా ముందువాడు. క్రీ.పూ. 484లో ఫూచాయ్ అనే రాజు ఆయన్ని ఆత్మహత్య చేసుకోమని కత్తి పంపాడు, శవాన్ని తోలు సంచిలో పెట్టి నదిలో వేయించాడు. అదీ అయిదో నెల అయిదో రోజే అని అక్కడి నమ్మకం. షావోషింగ్ వైపు వెళ్తే ఇంకో కథ, నదిలో మునిగిన తండ్రి శవం కోసం తానూ దూకేసిన త్సావో అ అనే అమ్మాయిది. మూడు చోట్లా నది ఉంది, చావు ఉంది, తేదీ ఒకటే, మనుషులే వేరు. దీన్ని బట్టి నా అభిప్రాయం ఏమిటంటే పండగా తిండీ ముందు నుంచీ ఉన్నాయి, ఎవరి ఊరి మహానుభావుణ్ణి వాళ్ళు దానికి కట్టుకున్నారు, దేశమంతా పేరున్న కవి కాబట్టి చ్యూ యువాన్ నెగ్గాడు. 2009లో యునెస్కో ఈ పండగని గుర్తించినప్పుడు మీలువోతో పాటు సుజౌ ఆచారాలు కూడా అందులో ఉన్నాయి, కాబట్టి ఇదేదో నా సొంత పైత్యం కాదు.

మరి పండగ అసలు దేనికి అంటే, కాలం కోసం. దువాన్‌వూ అనే ఈ పండగ వాళ్ళ అయిదో నెల అయిదో రోజున వస్తుంది. వాళ్ళ నెల కూడా మనలాగే అమావాస్యతో తిరుగుతుంది కాబట్టి ఇది చాలా ఏళ్ళలో మన జ్యేష్ఠ శుద్ధ పంచమికి ఒకరోజు అటూ ఇటూగా పడుతుంది, 2025లో సరిగ్గా ఆ రోజే, మే 31న వచ్చింది. అధిక మాసాలు వాళ్ళకీ మనకీ వేరే చోట పడిన ఏడాది మాత్రం నెల తేడా వస్తుంది, 2023లో జూన్ 22న వచ్చినప్పుడు మనకి ఆషాఢం నడుస్తోంది. ఉక్కపోత, వానలు, జ్వరాలు, పురుగూ పుట్రా బయటికొచ్చే రోజులవి. వాళ్ళు ఆ నెలని విషపు నెల అంటారు, పాము, తేలు, జెర్రి, కప్ప, బల్లి (కొన్నిచోట్ల సాలీడు) అయిదు విషాలని లెక్క. అందుకే తలుపులకి రెండు ఆకులు కడతారు, నాకు మొదటిసారి చూసినప్పుడు భలే ఆశ్చర్యం వేసింది: ఒకటి మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రి జాతి మొక్క, రెండోది వస, మనం పిల్లలకి మాటలు రావాలని నాలిక మీద రాస్తామే, అదే. పిల్లల చేతులకి అయిదు రంగుల దారం కడతారు. పాతరోజుల్లో మణిశిల అనే ఎర్రటి ఖనిజం కలిపిన సారా తాగేవాళ్ళు, చైనా వాళ్ళ తెల్లపాము జానపద కథలో పాము ఆడమనిషి రూపంలో ఉండి ఆ సారా తాగగానే అసలు రూపం బయటపడేది ఈ పండగ రోజునే. మణిశిలలో ఆర్సెనిక్ ఉంటుంది, దాన్ని ఎవరైనా సరదాకి ఇచ్చినా ముట్టుకోకండి. చైనాలో దీనికి జాతీయ సెలవు ఇవ్వడం మాత్రం 2008 నుంచే. అలాగని జోంగ్జీ ఈ ఒక్క పండక్కే అనుకోవద్దు, గ్వాంగ్‌షీలోనూ గ్వాంగ్‌డాంగ్‌లో జావోచింగ్ వైపూ కొత్త సంవత్సరానికి దిండంత పెద్దవి చేసి రాత్రంతా పొయ్యి మీద ఉంచుతారు.

ఇంట్లో చేసుకోవడానికి. బియ్యం దగ్గర రాజీ పడితే పని మొత్తం పోతుంది. మన సోనా మసూరి పనికిరాదు. బియ్యంలో పిండిపదార్థం రెండు రకాలు, అమైలోజ్, అమైలోపెక్టిన్. మనకి మెతుకు మెతుకు విడివిడిగా రావడానికి కారణం అమైలోజ్, జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు. ప్యాకెట్ మీద గ్లూటినస్ అని రాసుంటుంది, గ్లూటెన్‌కీ దానికీ సంబంధం లేదు, గోధుమ పడనివాళ్ళు కూడా తినొచ్చు. గుర్తు చెబుతాను: మామూలు బియ్యపు గింజ కాస్త పారదర్శకంగా ఉంటుంది, జిగురు బియ్యం సుద్దలా తెల్లగా ఉంటుంది. విజయవాడలో థాయ్ బియ్యం దొరక్కపోతే అస్సాం వాళ్ళ బోరా సాల్ ఆన్‌లైన్‌లో తెప్పించండి, అదీ జిగురు బియ్యమే. సింగపూర్ నుంచి వెళ్తూ ఆకులు కూడా పట్టుకెళ్ళండి, ఎండు వెదురాకుల కట్ట తేలిగ్గానే ఉంటుంది. పార్కుల్లో కనబడే వెదురు ఆకులు కోసుకురావద్దు, అవి సన్నగా ఉండి చుట్టడానికి చాలవు, మందు కొట్టి ఉంటారు కూడా. ఆకు లేకపోతే అరటాకుని మంట మీద వాడ్చి వాడొచ్చు, కానీ వాసన మారిపోతుంది. కోనసీమ పొట్టిక్కల్లో పనసాకు వాసన ఎంత ముఖ్యమో ఇందులో వెదురాకు అంత ముఖ్యం.

మీ అమ్మగారి కోసమైతే ఇలా చెయ్యండి. కిలో బియ్యం నాలుగైదు గంటలు నానబెట్టి నీళ్ళు బాగా వడకట్టి కొంచెం ఉప్పు, నూనె కలపండి. పెసరపప్పు విడిగా నానబెట్టుకోండి, వేరుశనగలు నానబెట్టి సగం ఉడికించండి, ఎండు పుట్టగొడుగులుంటే నానబెట్టి సోయాసాస్‌తో వేయించండి. ఆకుల్ని రాత్రంతా నానేసి, పొద్దున పది నిమిషాలు మరిగించి, తుడిచి, గట్టిగా ఉండే తొడిమ కత్తిరించండి. రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి సగం వచ్చేలా పరిచి, నున్నటి వైపు లోపలికి ఉండేలా శంకువులా మడవండి. అడుగున చిల్లు ఉండకూడదు, వేలు పెట్టి చూసుకోండి. రెండు చెంచాల బియ్యం, పప్పు, పుట్టగొడుగు, మళ్ళీ బియ్యం, పైన మిగిలిన ఆకుని కప్పి పక్కలు నొక్కి మిగతా తోకని చుట్టూ తిప్పి దారం కట్టండి. బియ్యం ఉబ్బుతుంది కాబట్టి మరీ బిగించి కడితే మధ్యలో పలుకు మిగులుతుంది, వదులైతే నీళ్ళు దూరి జావ అవుతుంది. ఇది చెప్పడం కన్నా చేతికి అలవాటవడం ముఖ్యం, మొదట్లో అన్నీ వంకర టింకరగా వస్తాయి, ఎవరికైనా అంతే.

పొట్లాలు నిండా మునిగి పైన రెండు మూడు వేళ్ళ ఎత్తు నీళ్ళుండాలి. తేలకుండా పైన ఒక పళ్ళెం బోర్లించి మూత పెట్టి సన్నటి మంట మీద రెండున్నర మూడు గంటలు. నీళ్ళు తగ్గితే మరిగే నీళ్ళే పొయ్యాలి, చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. కుక్కర్‌లో అయితే నలభై నిమిషాల పైన, ఆవిరి దానంతటదే పోనివ్వాలి. స్టవ్ కట్టేశాక వెంటనే తియ్యకుండా అదే నీళ్ళలో ఒక గంట వదిలేయండి, అప్పుడే లోపల గింజలు ఒకదానికొకటి పట్టుకుంటాయి.

క్షారం రకం చేయాలనిపిస్తే చైనా కొట్లలో సీసాల్లో అమ్మే క్షారం నీళ్ళు, లేదా మన అప్పడాల పిండిలో వేసే పాపడ్ ఖార్ కొంచెం. జౌ చూ రాసిన బూడిద నీళ్ళ పని కూడా ఇదే, బియ్యానికి పసుపు రంగు, సాగే గుణం వస్తాయి, తొందరగా పాడవదు. బట్టల సోడా మాత్రం వద్దు, తినడానికి శుద్ధి చేసింది కాదది.

తినేటప్పుడు ఆకు తీసేయాలి (నవ్వకండి, ఆకుతో సహా కొరికినవాళ్ళని చూశాను). వేడిగా ఒక్కటి తింటే చాలు, అరగడానికి టైమ్ పడుతుంది. సుగర్ ఉన్నవాళ్ళు సగంతో ఆపాలి. పసిపిల్లలకీ, మింగడానికి ఇబ్బంది పడే పెద్దవాళ్ళకీ చిన్న ముక్కలు చేసి పెట్టండి, గొంతుకి అడ్డం పడే పదార్థం ఇది. ఫ్రిజ్‌లో పెడితే రాయిలా గట్టిపడుతుంది, అది పాడవడం కాదు, ఆకుతోనే మళ్ళీ పదిహేను ఇరవై నిమిషాలు ఆవిరి పెడితే మెత్తబడుతుంది. విజయవాడ ఎండల్లో పొద్దున చేసినవి సాయంత్రం దాకా బయట ఉంచొద్దు. ఎక్కువ చేస్తే ఫ్రీజర్‌లో పెట్టి, తీసినవి నేరుగా మరిగే నీళ్ళలో వెయ్యండి.

ఆకులు కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. ఉడికిన ఆకు సహజంగా పసుపు కలిసిన ముదురాకుపచ్చ రంగుకి వస్తుంది. ఎంత ఉడికినా పచ్చగా నిగనిగలాడుతోందంటే అనుమానించాలి, రంగు నిలవడానికి కాపర్ సల్ఫేట్ వాడిన ఆకుల సంగతి కొన్నేళ్ళ కిందట చైనాలో పెద్ద గొడవైంది. నేను మందకొడి రంగున్న ఎండు ఆకులే కొంటాను, మరిగించిన మొదటి నీళ్ళు పారబోస్తాను.